పెండ్లి అయ్యేదాకా అవ్వ పుండు ఆగుతుందా?

హనుమకొండలో మిషన్ కుట్టుకుంటూ ఇద్దరు పిల్లలను చదివించుకుంటున్న ఒక చెల్లె రాసిన పొడవైన ఉత్తరం ఇది. పేరు, ఊరు రాయొద్దన్నారు. విషయం మాత్రం క్లుప్తంగా చెప్తాను.

వాళ్ల అవ్వకు (అమ్మకు) 56 ఏళ్లు. ములుగు వైపు పల్లె. పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు సంక్రాంతికి ఇంట్లో సకినాలు చేస్తుంటే కట్టెల పొయ్యి మంట లంగాకు అంటుకుని, ఎడమ మోకాలి వెనక నుంచి పిక్క దాకా కాలింది. అప్పట్లో ఆసుపత్రికి పోలేదు. పసర్లతో, కోడిగుడ్డు సొనతో నెలల తరబడి మాన్పారు. పుండు మానింది కానీ తోలు ముడుచుకుపోయి కాలు పూర్తిగా చాపడానికి రాదు. ఆ కాలితోనే నాట్లు వేసింది, మిరపకాయలు ఏరింది. ఏటా ఎండాకాలం ఆ మచ్చ పగిలేది, రసి కారేది, వానలు పడ్డాక మళ్లీ మానేది. కిందటి శ్రావణంలో పగిలింది మాత్రం మానలేదు. ఏడు నెలలైంది. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టర్ సూదులు వేశాడు, కట్లు కట్టాడు. తర్వాత ఒక నాటు వైద్యుడు పుండును "కాల్చేసే" పొడి ఇచ్చాడు. అంచులు లేచి గట్టిపడ్డాయి, ముట్టుకుంటే నెత్తురు వస్తున్నది, వాసన ఉన్నది. గజ్జల్లో ఒక బిళ్ల చేతికి తగులుతున్నది.

హనుమకొండలో చర్మ డాక్టర్‌కు చూపిస్తే, క్యాన్సర్ కావచ్చు, ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు. ఆ మాట బిడ్డతో ఒక్కదానితోనే చెప్పారు. తమ్ముడి పెండ్లి వైశాఖంలో, ఇంకా తొమ్మిది వారాలున్నది. తమ్ముడేమో "అక్కా, పెండ్లి అయినంక సూద్దాం. ఇప్పుడు ఊళ్లె తెలిస్తే పిల్ల తరఫోళ్లు ఎనకకు పోతరు" అంటున్నాడు. మేనమామేమో "కత్తి తగిలితే పుండు పాకుతది" అని భయపెడుతున్నాడు. అవ్వకు అసలు సంగతి తెలియదు. మేడారం జాతరలో సమ్మక్కకు ఎత్తు బంగారం (తన బరువంత బెల్లం) మొక్కింది, తల్లే మాన్పుతుందని నమ్ముకున్నది. కానీ నెల రోజుల నుంచి తన కంచం, చెంబు వేరు పెట్టుకున్నది. మనవలను దగ్గరికి రానిస్తలేదు. చెల్లె భర్త ఒమన్ దేశం మస్కట్‌లో బిల్డింగ్ పని చేస్తున్నాడు. "తోలు క్యాన్సర్ ఎండకు, తెల్లోళ్లకు వస్తదంటరు కదా, మా అవ్వకెట్ల వస్తది? వస్తే మాకూ వస్తదా? పొద్దంతా ఎండల ఉండే మా ఆయన సంగతేంది? నేనిప్పుడు ఎవరి మాట వినాలె?" అని అడిగారు.

చెల్లె, రెండు వారాలుగా ఈ మాట ఒక్కదానివే మోస్తున్నానని రాశారు. ముందు ఆ బరువు దిగాలి. దాని గురించి చెప్తాను. అంతకంటే ముందు డాక్టర్‌కు అనుమానం ఎందుకు వచ్చిందో మీకు స్పష్టంగా తెలియాలి. అది తెలిస్తేనే మేనమామతో, తమ్ముడితో మీరు తడబడకుండా మాట్లాడగలరు.

మన తోలు పైపొరలో ఉండే పొలుసుల్లాంటి కణాల నుంచి పుట్టే క్యాన్సర్‌ను డాక్టర్లు స్క్వామస్ సెల్ కార్సినోమా అంటారు. దీనికి ప్రపంచం మొత్తం మీద పెద్ద కారణం ఎండే. మీరు విన్నది తప్పు కాదు. తెల్ల తోలు వాళ్లకు ముఖం మీద, చెవుల మీద, కింది పెదవి మీద, చేతుల వెనక వస్తుంది. మన నల్ల తోలులోని రంగు ఎండను చాలావరకు ఆపుతుంది. కానీ ఆ రంగు పాత మచ్చలకు అడ్డుపడదు. మనలాంటి రంగు వాళ్లలో ఈ క్యాన్సర్ ఎక్కువగా కనిపించేది ఎండ తగలని చోట్లే. కాలిన మచ్చల మీద, ఏళ్ల తరబడి మానని పుండ్ల మీద, ఎముక చీము పట్టి కారే రంధ్రాల దగ్గర, ఎక్కువగా కాళ్ల మీద వస్తుంది. మీ అవ్వ విషయంలో డాక్టర్ అనుమానించింది సరిగ్గా ఈ రకాన్నే.

దీనికి మార్జోలిన్ పుండు అని పేరు. మచ్చల మీద లేచే ఇలాంటి పుండ్ల గురించి 1828లోనే ఫ్రాన్స్ సర్జన్ జాన్ నికొలా మార్జోలిన్ రాశాడు. అది క్యాన్సర్ అని ఆయనకు తెలియదు, తర్వాతి వాళ్లు తేల్చారు. కాలిన చోట మానిన తోలు మామూలు తోలు కాదు. పలుచగా ఉంటుంది, నూనె గ్రంథులు, చెమట గ్రంథులు ఉండవు, నెత్తురు సరిగా అందదు. మోకాలి వెనక అయితే కూర్చున్నా లేచినా గుంజుకుంటుంది. నాటు వేసేటప్పుడు, పీట మీద కూర్చున్నప్పుడు అది పగులుతూనే ఉంటుంది. పగిలిన ప్రతిసారీ దాన్ని పూడ్చడానికి కణాలు తొందర తొందరగా పెరుగుతాయి. ఇది పదుల ఏళ్లు సాగితే ఎక్కడో ఒక కణం దారి తప్పుతుంది. కాలిన నాటి నుంచి క్యాన్సర్ కనిపించే దాకా సగటున 30 ఏళ్లు పడుతుంది. మీ అవ్వ కాలి 46 ఏళ్లు. ఏటా పగిలి ఏటా మానే పుండు ఈసారి మానకపోవడం, అంచులు లేవడం, వాసన రావడం, ముడితే నెత్తురు రావడం చూస్తే అనుమానించకపోతేనే డాక్టర్ తప్పు చేసినట్టు.

అయినా అది క్యాన్సరే అని మీ ఉత్తరం చూసి నేను చెప్పలేను. పుండును చూసిన డాక్టర్ కూడా కంటితో చెప్పలేరు. మొండి ఇన్ఫెక్షన్, తోలుకు వచ్చే టీబీ, ఆ మంట పొడి వేసిన గాయం, ఇవన్నీ కూడా అలాగే కనిపించవచ్చు. గజ్జల్లో బిళ్ల కూడా అంతే. కాలికి చీము పట్టినా గజ్జల్లో బిళ్ల కడుతుంది. అందుకే ముక్క పరీక్ష.

ఆ పరీక్ష ఎలా చేస్తారో చెప్తాను, మేనమామకు కూడా చెప్పండి. ఆపరేషన్ థియేటర్, మత్తు అంటూ ఏమీ ఉండదు, మామూలుగా అడ్మిట్ కూడా చేసుకోరు. పుండు అంచు దగ్గర చిన్న సూదితో తిమ్మిరి మందు ఇస్తారు. పుండు, మంచి తోలు కలిసే చోట, రెండు మూడు వైపుల నుంచి కందిగింజంత ముక్కలు తీస్తారు. మధ్యలో నుంచి తీస్తే చచ్చిన కండే వచ్చి రిపోర్టు తేలకుండా పోవచ్చు, అందుకే అంచు. ముక్కలను ఫార్మలిన్ సీసాలో వేసి, పేరు, ఏ కాలు, ఏ చోటు అన్నీ రాసి ల్యాబుకు పంపుతారు. సీసా మీద ఆ చీటీ ఉందో లేదో మీరే చూసుకోండి. కట్టు కట్టి ఇంటికి పంపిస్తారు. రిపోర్టుకు సుమారు వారం, పది రోజులు. ఒకసారి "క్యాన్సర్ లేదు" అని వచ్చినా పుండు మానకుంటే అక్కడితో వదిలేయకండి. ఇలాంటి పాత పుండ్లలో ఒక చోట లేనిది ఇంకో చోట ఉండవచ్చు. రెండోసారి, ఇంకాస్త లోతుగా తీయాల్సి రావచ్చు.

కత్తి తగిలితే పాకుతుందనే మాట మన ఊళ్లలో ఎక్కడి నుంచి వచ్చిందో నేను అర్థం చేసుకోగలను. పుండు బాగా ముదిరి, బిళ్లలు పెద్దవై, ఇక తప్పదని ఆసుపత్రికి పోయినవాళ్లు ఆపరేషన్ తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు. చూసినవాళ్లు కత్తినే తప్పు పట్టారు. కానీ వాళ్లను చంపింది ఆలస్యం. మీ మేనమామ భయం వెనక నిజంగా ఆయన చూసిన ఒక మనిషి ఉండవచ్చు. దాన్ని కొట్టిపారేయకుండా, "ఆ మనిషి ఎన్ని నెలలు ఆగి ఆసుపత్రికి పోయిండు మామా?" అని అడగండి.

ఇక పెండ్లి. మీ తమ్ముడు చెడ్డవాడేం కాదు, భయపడుతున్నాడు. ఆయన ముందు మూడు దారులు పెట్టండి. మూడింటిలో ఏది ఎక్కడికి తీసుకుపోతుందో కూడా చెప్పండి.

అన్నీ పెండ్లి తర్వాతే అనుకుంటే తొమ్మిది వారాలు, తర్వాత ఒడిబియ్యం, విందులు, ఇంటినిండా చుట్టాలు, కలిపి మూడు నెలలు. మచ్చల మీద వచ్చే ఈ రకం, ఎండ వల్ల వచ్చే రకం కంటే మొండిది, గజ్జల్లోని బిళ్లలకు పాకే గుణం ఎక్కువ. మీ అవ్వ పుండు ఉన్న చోటు ఇంకా చిక్కైనది. మోకాలి వెనక గుంటలోనే కాలికి నెత్తురు తీసుకుపోయే పెద్ద నాళం, పక్కన నరాలు ఉంటాయి. పుండు పైపైన ఉన్నంతకాలం దాని చుట్టూ సుమారు రెండు సెంటీమీటర్ల మంచి తోలుతో సహా తీసేసి, తొడ మీది తోలు తెచ్చి అతికిస్తారు. కాలు కాలుగానే ఉంటుంది. ఎముకకు, కీలుకు, ఆ పెద్ద నాళానికి చేరితే కాలు తీయాల్సి రావచ్చు. ఆ హద్దు ఏ వారంలో దాటుతుందో ఎవరూ చెప్పలేరు. ఈ దారిలో ఉన్న ప్రమాదం అదే.

రెండోది, పరీక్ష ఇప్పుడే చేయించి, రిపోర్టు చేతిలో పెట్టుకుని నిర్ణయించుకోవడం. పది రోజుల్లో సంగతి తెలుస్తుంది. క్యాన్సర్ కాకపోతే మీ ఇంటి మీది నుంచి మబ్బు తొలగి, సరైన మందుతో పుండు పెండ్లినాటికి మానేందుకు కూడా అవకాశముంటుంది. అదే అయితే, గజ్జల బిళ్లను సూదితో పరీక్షించి, ఎక్స్‌రే, అవసరమైతే ఎంఆర్ఐ తీసి, ఎంత తొందరగా ఆపరేషన్ చేయాలో సర్జన్ చెప్తారు. తోలు అతికించాక వారం, పది రోజులు కాలు కదలకుండా, ఎత్తులో పెట్టుకుని పడుకోవాలి. ఆ తర్వాత మెల్లగా నడవవచ్చు. ఇప్పుడే మొదలుపెడితే, అనుకున్నట్టు సాగితే, మీ అవ్వ తలంబ్రాల వేళకు కొడుకు పక్కన కుర్చీలో కూర్చోగలుగుతుంది. బిళ్లకు పాకి ఉంటే మాత్రం గజ్జల ఆపరేషన్, రేడియేషన్ తోడవుతాయి, ఆ లెక్క వేరు. అప్పుడు పెండ్లి తేదీ గురించి కూర్చుని మాట్లాడుకోవాల్సి రావచ్చు.

మూడోది, పరీక్ష ఇప్పుడు, వైద్యం పెండ్లి తర్వాత. సర్జన్ రిపోర్టు, స్కాన్ చూసి "ఇన్ని వారాలు ఆగవచ్చు" అని తన నోటితో చెప్తేనే ఇది దారి అవుతుంది. మీ ఇంట్లో కూర్చుని మీరు తీసుకునే నిర్ణయం కాదిది.

నా మనసు రెండోదాని వైపే ఉంది, దాచను. కానీ పరీక్ష వేరు, ఆపరేషన్ వేరు అని మీ తమ్ముడికి అర్థమైతే చాలు, సగం గొడవ అక్కడే తీరుతుంది. ఆయన ఆ రెండింటినీ ఒకటే అనుకుని భయపడుతున్నాడు. హనుమకొండలో ఒక పూట పోయి కాలికి కట్టుతో రావడం ఊళ్లో ఎవరికీ వార్త కాదు. ఏడు నెలలుగా ఆమె కాలికి కట్టుతోనే ఉన్నది.

ఇప్పుడు అవ్వ సంగతి. ఆమెకు చెప్పకుండా ముక్క తీయించాలని మీరు అనుకుంటున్నారు, ఆ మాట చదివి నాకు కష్టమనిపించింది. ఆమె కాలు, ఆమె ప్రాణం. పైగా ఆమెకు ఏమీ తెలియదని మీరనుకుంటున్నారు కానీ కంచం వేరు పెట్టుకున్న మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఏదో చెడ్డది అని ఆమెకు లోపల తెలుసు. ఎవరూ చెప్పకపోవడం వల్ల ఇది అంటుకునే రోగం అనుకుని, మనవలను ముట్టుకోకుండా నెల రోజులుగా ఒంటరిగా శిక్ష వేసుకుంటున్నది. ఈ పుండు క్యాన్సరే అయినా ముట్టుకుంటే అంటదు, కలిసి తింటే అంటదు, పక్కన పడుకుంటే అంటదు. కట్టు విప్పినప్పుడు చీము తగలకుండా చేతులు కడుక్కుంటే చాలు. ఈ ఒక్క మాట ఈరోజే పోయి చెప్పండి. క్యాన్సర్ అనే పేరు మొదటి రోజే ఎత్తాల్సిన పని లేదు. "అవ్వా, ఇన్నేండ్లు మానిన పుండు ఈసారి మానుతలేదు. ఎందుకు మానుతలేదో చూసేటందుకు ఇంత ముక్క తీసి పరీక్షకు పంపుదామన్నడు డాక్టర్. చెడ్డది కూడ కావొచ్చన్నడు. అందుకే తొందర పడుతున్న" అని చెప్పండి. తర్వాత ఆగండి. ఆమె ఏం అడుగుతుందో దానికి జవాబు చెప్పండి. అడగని దానికి వద్దు. అడిగినదానికి మాత్రం అబద్ధం చెప్పొద్దు. ఒకసారి అబద్ధం దొరికితే రేపు ఆపరేషన్ గురించి మీరు చెప్పే నిజాన్ని కూడా ఆమె నమ్మదు.

అన్నీ విన్నాక కూడా ఆమె "పెండ్లి అయినంకనే" అంటే? అప్పుడు ఆమెను గుంజుకుపోలేరు. కానీ ఎందుకు అంటున్నదో అడగండి. కొడుకు పెండ్లిలో తల్లి కుర్చీ ఖాళీగా ఉంటుందనా, డబ్బు ఖర్చవుతుందనా, కాలు తీసేస్తారనా? ఒక్కో భయానికి ఒక్కో జవాబు ఉంది. అన్నిటికీ ఒకే బతిమాలుడు పనిచేయదు. సమ్మక్క మొక్కును మాత్రం మధ్యలోకి లాగొద్దు. మొక్కు ఆమె ధైర్యం. ఆ ధైర్యంతోనే పరీక్షకు రమ్మనండి.

డబ్బు విషయంలో ఒక మాట. రేషన్ కార్డు ఉందని రాశారు. ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ ఆపరేషన్, రేడియేషన్, కీమో ఉన్నాయి. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో కుటుంబానికి 10 లక్షల రూపాయల దాకా పెంచారు. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో సర్జరీ ఓపీకి పోయి చర్మ డాక్టర్ రాసిన చీటీ చూపండి. హైదరాబాద్ దాకా పోవాల్సి వస్తే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అని కూర్చుంటారు, కార్డు, ఆధార్ ఆ డెస్క్ దగ్గర ముందే చూపించండి. ఆపరేషన్ తేదీ ఇచ్చాక పరుగులు పెట్టొద్దు.

ఆ నాటు పొడి ఈ రోజే ఆపండి. పారేయొద్దు, పొట్లం అలాగే డాక్టర్‌కు చూపండి. పుండును కాల్చే ఇలాంటి పొడుల్లో కొన్నింటిలో పాషాణం (ఆర్సెనిక్ అనే విషం) ఉంటుంది. పాషాణం ఒంట్లోకి పోతే అదే తోలు క్యాన్సర్‌కు కారణం కావచ్చు. ఏళ్ల తరబడి తాగే నీళ్లలోనో మందుల్లోనో అది చేరినవాళ్లకు అరచేతుల్లో, అరికాళ్లలో గరుకు గింజలు లేస్తాయి. పరీక్ష దాకా కాచి చల్లార్చిన ఉప్పు నీళ్లతో కడిగి, శుభ్రమైన తడి గాజ్ గుడ్డ, దాని మీద పొడి గాజ్ గుడ్డ పెట్టి వదులుగా కట్టండి. ఆకులు, పసుపు వద్దు. షుగర్ ఒకసారి చూపించండి.

పిల్ల తరఫు వాళ్లకు చెప్పాలా అని అడిగారు. అనుమానాన్ని చెప్పాల్సిన పని లేదు. ఎవరింట్లోనైనా ఒక పరీక్ష రిపోర్టు రాకముందే సంబంధం వాళ్లకు చెప్పరు. రిపోర్టులో క్యాన్సర్ అని వచ్చి, ఆపరేషన్ పెండ్లికి ముందే పడితే మాత్రం మీ తమ్ముడు తన నోటితో చెప్పడం మేలు. అంత పెద్ద కట్టు, ఆసుపత్రి తిరుగుడు ఎలాగూ దాగవు. వేరే వాళ్ల ద్వారా తెలిస్తే, రోగం కంటే దాచినందుకే వాళ్ల మనసు విరుగుతుంది. చెప్పేటప్పుడు ఒక్క విషయం గట్టిగా చెప్పమనండి. ఇది వంశంలో వచ్చేది కాదు. చిన్నప్పుడు కాలిన మచ్చ నుంచి వచ్చింది. మీకు రాదు, మీ తమ్ముడికి రాదు, రేపు వాళ్లకు పుట్టే పిల్లలకు రాదు. ఈ మాట విన్నాక కూడా వెనక్కి పోతారేమో అని భయమా? పోవచ్చు కూడా. అది జరగదని నేను హామీ ఇవ్వలేను. కానీ తల్లి కాలు, కొడుకు సంబంధం రెండూ ఒకే తక్కెడలో పెట్టి తూచే పని తమ్ముడి మీద పడొద్దంటే, ముందు పరీక్ష చేయించడమే మార్గం.

(వంశంలో వచ్చేవి వేరే ఉన్నాయి. తోలులో రంగే లేకుండా పుట్టే తెల్ల పిల్లలు, ఎండ తగిలితే ముఖమంతా మచ్చలు లేచే అరుదైన జబ్బున్న పిల్లలు. మేనరికాలు ఎక్కువ ఉన్న మన దగ్గర ఇలాంటివాళ్లు కనిపిస్తారు. వాళ్లకు చిన్న వయసులోనే తోలు క్యాన్సర్ రావచ్చు. అలాంటి పిల్లలుంటే పుట్టినప్పటి నుంచే ఎండ నుంచి కాపాడాలి, డాక్టర్‌కు క్రమంగా చూపాలి.)

మీ ఆయన విషయం. నల్ల తోలు రక్షణే కానీ పూర్తి కవచం కాదు. ఏళ్ల తరబడి ఎడారి ఎండలో పనిచేసేవాళ్లు పెదవులు, చెవులు, మెడ, చేతులు చూసుకోవాలి. ఒమన్‌లో జూన్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 దాకా బయట పని ఆపాలని చట్టం ఉంది. అది వడదెబ్బ కోసం పెట్టిందే అయినా తోలుకు కూడా ఆ గంటలే చెడ్డవి. ఆ విరామం వదులుకోవద్దని చెప్పండి. పొడుగు చేతుల చొక్కా, మెడ, చెవులు కప్పే రుమాలు చాలు. ఇంకో ముఖ్యమైనది పొగ. సిగరెట్ తాగే పెదవి, ఎండ తగిలే పెదవి ఒకటే అయితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. కింది పెదవి మీద నెల దాటినా పోని పొక్కు, తెల్ల మచ్చ ఉంటే సెలవు మీద వచ్చేదాకా ఆగకుండా అక్కడే చూపించుకోవాలి.

మీ ఉత్తరం చదివే మిగతా వాళ్ల కోసం ఇంకొన్ని. ఈ క్యాన్సర్ అన్ని చోట్లా ఒకేలా కనిపించదు. కొందరికి ఎర్రగా, పొలుసులు పొలుసులుగా, మెల్లగా పాకే మచ్చలా ఉంటుంది. అది పైపొర దాటని దశ, బోవెన్ జబ్బు అంటారు. దాన్ని తామర అనుకుని మెడికల్ షాపు ట్యూబులు ఏడాది పాటు రుద్దేవాళ్లు ఉన్నారు. అరికాలులో ఆనెకాయలా, పులిపిరిలా మొదలై లోపలికి తొలుచుకుపోయే రకం ఒకటి. నాలుగైదు వారాల్లోనే గుండ్రంగా ఉబ్బి, మధ్యలో గట్టి మేకు లాంటి పొరతో లేచే రకం ఒకటి. కుష్టు నయమైనా అరికాలి పుండు మానని వాళ్లు, కిడ్నీ మార్పిడి చేయించుకుని మందులు వాడేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. మర్మాంగం ముందు తోలు వెనక్కి రాని మగవాళ్లు అక్కడి పుండును సిగ్గుతో దాచుకుంటారు, దాచొద్దు. కశ్మీర్‌లో చలికి ఒడిలో కాంగ్డీ నిప్పుల కుండ పెట్టుకునేవాళ్లకు తొడల మీద, పొట్ట మీద ఇదే వస్తుంది. మన ఆడవాళ్లకు దగ్గరి సంగతి చెప్తాను. లంగా నాడా బిగించి కట్టే చోట నడుము మీద ఏళ్ల తరబడి ఒరుసుకుని, పుండై, క్యాన్సర్‌గా మారిన ఇద్దరు పెద్దామెల గురించి 2024లో వార్ధా, బీహార్ డాక్టర్లు రాశారు. నాడా చోట తోలు నల్లబడి పగులుతుంటే వెడల్పు పట్టీ వాడండి, వదులుగా కట్టండి, చోటు మార్చండి.

కాలిన పిల్లల విషయంలో ఒక్క పని ఎవరైనా చేయగలరు. కాలిన వెంటనే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి. పేస్టు, సిరా, పసరు, సొన పూయొద్దు. రెండు మూడు వారాల్లో మానకపోతే తోలు అతికించే డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. మోకాలు, మోచేయి లాంటి కీలు దగ్గర అయితే ఇంకా తొందరగా పోవాలి. అప్పట్లో మీ అవ్వకు ఆ ఒక్క అతుకు పడి ఉంటే ఆ మచ్చ ఇన్నేళ్లు ఇలా పగిలేది కాదు. ఇప్పటికే పాత మచ్చ ఉన్నవాళ్లు రోజూ కొబ్బరినూనో, వ్యాసలినో రాసి మెత్తగా ఉంచుకోవాలి, పగలనివ్వకూడదు. ఏ పుండైనా నెలన్నర దాటినా మానకపోతే సర్జన్‌కు చూపాలి. మూడు నెలలు దాటితే ముక్క పరీక్ష అడిగి చేయించుకోవాలి.

చెల్లె, సోమవారం ఓపీకి అవ్వతో పాటు తమ్ముణ్ని కూడా తీసుకుపోండి. డాక్టర్ నోట నేరుగా వింటే మీరు మధ్యలో దూతగా నలగాల్సిన అవసరం ఉండదు. పాత చీటీలు, వాడిన ట్యూబులు, ఆ పొడి పొట్లం ఒక సంచిలో వేసుకోండి. గజ్జల బిళ్లకు సూది పరీక్ష కూడా ముక్క తీసేరోజే చేస్తారేమో అడగండి. రిపోర్టు వచ్చాక మూడు విషయాలు నాకు రాయండి. క్యాన్సర్ అని ఉందా లేదా, ఉంటే వెల్, మోడరేట్, పూర్ (కణాలు ఎంత దారి తప్పాయో చెప్పే మాటలు) అని మూడింటిలో ఏ రకంగా రాశారు, బిళ్ల రిపోర్టులో ఏముంది. వాటిని బట్టి సర్జన్‌ను ఏం అడగాలో అప్పుడు వివరంగా రాస్తాను. అవ్వ కంచం మాత్రం ఈ రాత్రే మీ అందరి కంచాలతో కలిపి పెట్టండి.